పాదలేపమా, తర్ఫీదా? – హిమాలయారోహణను చెప్పే తీరుపై ఒక పరిశీలన

మనిషి కొండ ఎక్కడం ఒక పని. ఎక్కాడని చెప్పడం మరొక పని. మొదటిదాన్ని కొలవడానికి మీటర్లున్నాయి. రెండవదాన్ని కొలవవలసింది విమర్శ. ఎవరెస్టు శిఖరం ఎత్తు 8,848.86 మీటర్లని 2020లో నేపాల్, చైనా దేశాలు కలిసి ప్రకటించాయి. ఆ శిఖరం మీదికి 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ చేరుకున్నారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 ఏళ్ల 11 నెలలు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. ఈ సంగతిని తెలుగులో మనం ఎలా చెప్పుకుంటున్నాం, ఆ చెప్పడంలో ఎవరు కనిపిస్తున్నారు, ఎవరు కనుమరుగవుతున్నారు అన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తాం.

రాయచూరు, సింధనూరు, మాన్వి ప్రాంతాల కళాశాలల్లో తెలుగు చదువుకునే విద్యార్థులకు హిమాలయం మొదట పరిచయమయ్యేది పర్వతారోహకుల వల్ల కాదు, అల్లసాని పెద్దన వల్ల. కృష్ణదేవరాయల ఆస్థానంలో, అంటే ఇక్కడికి దూరం కాని తుంగభద్ర ఒడ్డున, నల్లరాతి గుట్టల నడుమ మనుచరిత్ర పుట్టింది. కనుక తెలుగు కావ్యంలో అంతటి పేరు పొందిన మంచుకొండను మనకు చూపించినది ఈ ఎండనేల అనుకోవచ్చు. ప్రవరుని కథ అందరికీ తెలిసినదే. అరుణాస్పదపురం దాటి ఎరుగని గృహస్థు అతను. ఇంటికి వచ్చిన సిద్ధుడు తాను చూసిన తీర్థాలను వర్ణిస్తాడు. ఇంత చిన్న వయస్సులో అన్ని చోట్లకు ఎలా వెళ్లగలిగావని ప్రవరుడు అడుగుతాడు. సిద్ధుడు మందు మహిమ చెప్పి అతని పాదాలకు లేపం పూస్తాడు. ప్రవరుడు హిమాలయం మీద ఉంటాడు.

ఇక్కడ విద్యార్థి ఒక విషయం గమనించాలి. ఆ ప్రసిద్ధమైన హిమాలయ వర్ణనలో వెళ్లడం ఒక్క మాటతో ముగుస్తుంది. తక్కిన పద్యమంతా చూడడమే. నడక లేదు, ఆయాసం లేదు, మజిలీ లేదు. దీన్ని పెద్దన లోపంగా మేము చూపడం లేదు. లేపంతో వెళ్లినవానికి దారి ఉండదు. కవి చేసిన గొప్ప పని ఏమిటంటే, దారి లేని ఆ ప్రయాణానికి మూల్యం ఏమిటో కూడా కథలోనే చెప్పాడు. మంచునీటికి లేపం కరిగిపోతుంది. వచ్చిన దారి తెలియదు కనుక తిరిగి వెళ్లే దారీ తెలియదు. నిత్యకర్మలకు వేళ మీరుతుంది. కనిపించిన వరూధినిని ఊరికి దారి అడగవలసి వస్తుంది. చివరికి అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరుకుంటాడు. పైకి ఒక మహిమ, కిందికి మరొక మహిమ. నడుమ ఉన్నది దారి తెలియనితనం. మనుచరిత్ర కథ అంతా ఆ దారి తెలియనితనం నుంచే పుట్టింది.

అయిదు శతాబ్దాల తర్వాత మన గద్యం ఎవరెస్టును గురించి చెప్పేటప్పుడు పెద్దన హెచ్చరికను మరిచి లేపాన్ని మాత్రం ఉంచుకుంది. ఊళ్లో పేదరికం, తరువాత సంకల్పం, ఆపైన శిఖరం మీద జెండా. ఈ మూడింటి మధ్య ఉన్న దూరాన్ని పట్టుదల, ఆత్మవిశ్వాసం అనే మాటలు దాటించేస్తాయి. ఆ మాటలు అబద్ధం కావు. కాని అవి పాదలేపం చేసిన పనే చేస్తున్నాయి.

అసలు జరిగినదేమిటో చూద్దాం. గురుకులాల సంస్థకు అప్పుడు కార్యదర్శిగా ఉన్న పోలీసు అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పిల్లలకు పర్వతారోహణ నేర్పించాలని నిర్ణయించారు. శిక్షకుడు బి. శేఖర్ బాబు. మొదటి పాఠాలు భువనగిరి గుట్ట మీద జరిగాయి. అది కూడా మన రాయచూరు కోటగుట్టల వంటి ఏకశిలే. తరువాత డార్జిలింగులోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్. టెన్సింగ్, హిల్లరీల విజయం తరువాత 1954లో స్థాపితమైన ఈ సంస్థలో టెన్సింగే చాలాకాలం శిక్షణ నడిపారు. ఆపైన లడఖ్ చలి. విడతలుగా వడపోయగా చివరికి ఇద్దరు మిగిలారు. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్లు నిండనివారికి అనుమతి లేదు. టిబెట్ వైపున్న ఉత్తరపు దారినే వెళ్లారు.

ఆ దారి ఎలా ఉంటుందో తెలిస్తే తప్ప ఎక్కడం అన్న క్రియకు అర్థం తెలియదు. అడుగు శిబిరం సుమారు 5,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. ముందరి శిబిరం 6,400, ఉత్తరపు కనుమ 7,000, చివరి శిబిరం 8,300 మీటర్ల ప్రాంతంలో. పైకి ఒకసారి పోయి ఊరుకోవడం కాదు. ఎక్కాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి. నెత్తురు పలుచని గాలికి అలవాటు పడడానికి వారాలు పడుతుంది. శిఖరం దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్నదానిలో మూడోవంతు మాత్రమే. 8,600 మీటర్ల దగ్గర ‘రెండవ మెట్టు’ అనే నిలువు బండ ఉంది. 1975లో చైనా బృందం దానికి నిచ్చెన బిగించింది. దారి పొడుగునా తాడు ఉంటుంది. ఆ తాడును ముందుగా ఎవరో కట్టి ఉండాలి. గుడారం ముందుగా ఎవరో వేసి ఉండాలి. ఆక్సిజన్ సిలిండర్లు ఎవరో మోసి ఉండాలి. మంచు కరిగించి తాగే నీళ్లు కాచేది కూడా ఎక్కువగా వాళ్లే. ఇదీ మార్గదర్శకులతో సాగే ఆరోహణ స్వరూపం. ఆ ‘ఎవరో’లలో అధికులు షెర్పాలు.

2014 వసంతంలో ఈ మాటకు మరింత బరువు వచ్చింది. ఏప్రిల్ 18న దక్షిణపు దారిలో, ఖుంబూ హిమపాతం దగ్గర మంచుగడ్డలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. వారు ఇతరుల కోసం దారి సిద్ధం చేస్తూ, సరుకు మోస్తూ పోయినవారు. ఆ యేడు నేపాల్ వైపు ఆరోహణలు దాదాపుగా నిలిచిపోయాయి. అయిదు వారాల తరువాత అవతలి వైపు నుంచి మన పిల్లలు శిఖరం చేరారు. ఈ రెండు సంగతులూ ఒకే కొండ మీద, ఒకే ఋతువులో జరిగినవి. రెండవదాన్ని చెప్పేటప్పుడు మొదటిది గుర్తుకు రాని కథనం సగం కథనమే.

ఇప్పుడు భాష దగ్గరికి వద్దాం. మన పత్రికలు ఇలాంటి సందర్భంలో వాడే క్రియ ‘అధిరోహించు’. అచ్చతెలుగు ‘ఎక్కు’కు ‘ఎక్కించు’ అనే ప్రేరణరూపం సులువుగా వస్తుంది. కన్నడంలో ‘హత్తు’కు ‘హత్తిసు’ వచ్చినట్టే. కాని ‘అధిరోహించు’లో ‘ఇంచు’ అప్పటికే ఖర్చయిపోయింది. అది సంస్కృత పదాన్ని తెలుగు క్రియగా మార్చడానికి వచ్చినది. దానికి ప్రేరణ కావాలంటే ‘అధిరోహింపజేయు’ అనాలి. ఎవరూ అనరు. కన్నడంలో ‘ఆరోహిసు’కూ ఇదే ఇబ్బంది. రెండు భాషలూ తెలిసిన మన విద్యార్థులు దీన్ని సులువుగా పోల్చుకోగలరు. గంభీరంగా వినిపించే ఆ మాటను ఎంచుకోగానే వాక్యంలో ఒక్క కర్తకే చోటు మిగులుతుంది. తక్కినవారిని ఎవరూ కావాలని తొలగించలేదు. మాటే వారికి చోటివ్వలేదు.

అలాగని ‘షెర్పాలు పూర్ణను ఎక్కించారు’ అందామా? అదీ తప్పే. ఎక్కించడం అనేది మనం బస్సులోకి మూటనూ, ముసలివారినీ చేసే పని. ఆ వాక్యంలో పూర్ణ మూట అవుతుంది. డబ్బు కడితే ఎవరినైనా ఎవరెస్టు ఎక్కిస్తారు, ఇందులో గొప్పేముంది అని పెదవి విరిచేవారి వాక్యం సరిగ్గా ఇదే. ఆకాశానికెత్తేవారూ పెదవి విరిచేవారూ ఒకే వ్యాకరణం వాడుతున్నారు. ఒకరికి కర్త ఒక్క పూర్ణే. మరొకరికి పూర్ణ కర్తే కాదు. ఎనిమిది వేల మీటర్ల పైన ప్రతి అడుగూ తన కాళ్లతోనే వేయాలి. ఆ అడుగు పడే చోటును మరొకరు సిద్ధం చేసి ఉండాలి. రెండూ నిజమే.

ఈ రెండు నిజాలనూ ఒకే వాక్యంలో చెప్పే వనరు మన వ్యాకరణంలో ఉంది. చేత, తోడ ప్రత్యయాలను మన వ్యాకర్తలు తృతీయావిభక్తి అనే ఒకే గూట్లో ఉంచారు. పని ఎవరివల్ల జరిగిందో చెప్పేదీ, ఎవరితో కలిసి జరిగిందో చెప్పేదీ ఒక్క విభక్తే. ‘షెర్పాలతో కలిసి ఎక్కింది’, ‘షెర్పాలు కట్టిన తాడు పట్టుకొని ఎక్కింది’. ఈ వాక్యాల్లో పూర్ణ గొప్పతనం ఏమీ తగ్గలేదు. వాక్యం మాత్రం నిండింది. ‘షెర్పా’ అన్న మాటను కూడా పరిశీలించాలి. టిబెటన్ మూలాన్ని బట్టి దానికి తూర్పు దిక్కువారు అని అర్థం. అది ఒక జాతి పేరు, వారికొక భాష ఉంది. దాన్ని వృత్తి పేరుగా వాడడం మనకు అలవాటైంది. పల్లకీ మోసేవారిని బోయీలని పిలిచి, మోత పేరునూ కులం పేరునూ కలిపేసిన దేశం మనది. కనుక ఈ అలవాటు మనకు కొత్తది కాదు.

మోసినవారిని గుర్తుపెట్టుకునే సంప్రదాయం తెలుగులో లేదా? ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీలున్నాయి, నీటి వసతి ఉంది, దారి ఎగుడుదిగుళ్లున్నాయి, తనను మోసిన బోయీలున్నారు. ఆయన కావ్యం రాయబోలేదు. తరువాత వెళ్లేవారికి పనికిరావాలని రాశారు. ఆ ఉద్దేశమే వచనాన్ని నిజాయితీగా ఉంచింది.

ఇంకా దగ్గరి సాక్ష్యం రాయచూరు కోటలోనే ఉంది. కాకతీయుల కాలంలో, 1294లో కట్టిన కోటగోడలో 41 అడుగులకు పైగా పొడవున్న ఒకే రాతి మీద శాసనం చెక్కారు. గోరె గంగయరెడ్డి పేరూ, కట్టించిన విఠలుని పేరూ అందులో ఉన్నాయి. శాసనాలన్నీ చేసే పని అదే. అయితే దాని దగ్గరే మరొక బొమ్మ చెక్కి ఉంది. ఆ పెద్ద రాతిని బండి మీద ఎలా తెచ్చారో అందులో చూపారు. బారులు తీరిన పశువులు, తోలే మనుషులు, చక్రాల దగ్గర మనుషులు. అక్షరాల్లో కట్టించినవారి పేరుంది, గీతల్లో లాగినవారి శ్రమ ఉంది. ఏడు వందల ఏళ్లనాటి ఆ శిల్పి చేసిన పని మన వార్తా వచనం ఇంకా చేయవలసి ఉంది.

పూర్ణ కథను రాహుల్ బోస్ హిందీలో సినిమాగా తీశారు. 2017లో విడుదలైంది. ఆ చిత్రం బలమంతా పూర్ణకూ ఆమె అక్కవరుస పిల్లకూ మధ్య ఉన్న మమకారంలో, ఆడపిల్లకు ఊళ్లో ఎదురయ్యే చిన్ననాటి పెళ్లి భయంలో ఉంది. లోయ ఎక్కడున్నదో ఆ దర్శకునికి తెలుసు. అందుకు మెచ్చుకోవాలి. సినిమా పరిధి వేరు కనుక కొండ మీది పనిని వివరంగా చెప్పే బాధ్యత ఇంకా మాటల మీదే ఉంది.

ఇందులో తేలవలసిన పెద్ద విషయం బాధ్యత. పదమూడేళ్ల పిల్లను ఆ ఎత్తుకు పంపడం సరైన నిర్ణయమేనా అన్నది న్యాయమైన ప్రశ్న. మహిమగా చెప్పిన కథలో ఆ ప్రశ్నకు చోటే లేదు, ఎందుకంటే అందులో నిర్ణయించినవారే లేరు. శిక్షణగా చెబితే ఎవరు ఎంచారు, ఎన్నాళ్లు నేర్పారు, ఎక్కడ ఆపవచ్చు, ఎవరి ప్రాణం పణంగా పెట్టారు అని అడగవచ్చు. జవాబులు రాబట్టవచ్చు. ప్రేరణక్రియ లేని చోట జవాబుదారీ కూడా ఉండదు.

ఒంటరి ఆరోహకుని కథకైనా ఇది వర్తిస్తుంది. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి మరణించారు. ఆయనకు చిన్ననాడు ఈ దారి చూపినది కోరుకొండ సైనిక పాఠశాలలోని ఒక విగ్రహం. అది 1985లో ఎవరెస్టు మీద మరణించిన పూర్వవిద్యార్థి ఉదయభాస్కరరావుది. ఒంటరివాడి వెనుక కూడా ఒక బడి ఉంది.

ఎవరెస్టుతో ఆగక 2022 నాటికి పూర్ణ కూడా ఏడు ఖండాల శిఖరాలను పూర్తి చేసింది. ఒకసారి పూసిన లేపం అన్నిసార్లు పనిచేయదు. నేర్చుకున్న విద్య పనిచేస్తుంది. పేద పిల్లల విజయాన్ని మహిమగా చెబితే విన్నవారు చేతులు జోడిస్తారు. తర్ఫీదుగా చెబితే మాకూ ఇలాంటి బడి కావాలని అడుగుతారు. సింధనూరు క్యాంపులోనో, మాన్వి పల్లెలోనో కన్నడ బడిలో చదువుతూ తెలుగు నేర్చుకుంటున్న పిల్లవానికి ఈ రెండవ కథే అవసరం. పరభాషా వాతావరణంలో ఇక్కడివరకు వచ్చిన మన విద్యార్థులు ఎవరూ లేపంతో రాలేదు.

కనుక విద్యార్థులకు మా సూచన ఒక్కటి. ఆరోహణ గురించిన ఏదైనా ఒక వార్తను తీసుకొని ‘అధిరోహించు’ను పక్కనపెట్టి ‘ఎక్కు’తో తిరగరాయండి. ఎవరితో, ఎవరివల్ల, దేని సాయంతో అన్న మూడు ప్రశ్నలకు ఆ వాక్యంలోనే జవాబు ఉండాలి. తరువాత దాన్నే కన్నడంలో రాయండి. రెండు చోట్లా ఖాళీగా మిగిలిన చోటు ఏదో చూస్తే, అక్కడ ఎవరుండాలో మీకే తెలుస్తుంది.