చెప్పలేని కోపానికి ఒక కాగితం

ఆర్ట్ థెరపీలో బొమ్మ ఎంత బాగా కుదిరిందని ఎవరూ చూడరు. గీస్తున్నంతసేపూ ఆ మనిషి ఎలా ఉన్నాడన్నదే చూస్తారు. ఈ పేరు బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ పెట్టింది. క్షయతో శానిటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు వేసుకుంటూ తేరుకున్న ఆయన 1942లో ఈ మాట వాడాడు. మరుసటి ఏడాదే అమెరికాలో పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి, ఆటిజంపై ఇప్పటికీ ప్రస్తావనకు వచ్చే వ్యాసం రాశాడు.

ఆటిజం ఉన్నవారికి మనసులో ఏమీ ఉండదనుకోవడం అపోహ. కోపం, భయం, దిగులు అన్నీ ఉంటాయి. లోపల కలుగుతున్నది ఏమిటో పోల్చుకుని మాటల్లో పెట్టడమే చాలామందికి కష్టం. దీన్ని అలెక్సిథీమియా అంటారు. ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఈ ఇబ్బంది ఉన్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. “కోపం వచ్చిందా?” అని అడిగితే బదులివ్వని పిల్లవాడే, క్రేయాన్ విరిగేంత గట్టిగా నొక్కి గీయవచ్చు. ఆర్ట్ థెరపీ అక్కరకొచ్చేది ఇక్కడే.

థెరపిస్టు ముందుగా చూసుకునేది సామగ్రి. తడి బంకమట్టి చేతికి అంటితే కొందరు భరించలేరు. వారికి స్కెచ్ పెన్నులు, రంగు కాగితాలు ఇస్తారు. మరికొందరికి మట్టి పిసకడంలోనే ఊరట. వీలైనంతవరకు అదే గది, అదే వేళ, వస్తువులన్నీ అదే చోట ఉంచుతారు. జరగబోయేది ముందే తెలిస్తే ఆందోళన తగ్గుతుంది.

పిల్లవాడు కుదురుకున్నాక అతడూ థెరపిస్టూ ఒకే కాగితంపై వంతులవారీగా గీస్తారు. పిల్లవాడు ఎప్పుడూ రైలే వేస్తుంటే మాన్పించరు. కిటికీ దగ్గర ఎవరు కూర్చున్నారు, రైలు ఆలస్యమైతే వాళ్లకేమనిపిస్తుంది అని ఆ రైలు నుంచే మాట కలుపుతారు. నల్లరంగు వాడాడు కాబట్టి దిగులుగా ఉన్నాడని తేల్చరు. చేతికి అందింది ఆ రంగే కావచ్చు.

ఇందుకు ప్రతిభ అక్కర్లేదు. లండన్‌కు చెందిన, ఆటిజం ఉన్న చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్‌లా నగరాన్ని పైనుంచి ఒకసారి చూసి జ్ఞాపకం మీద గీయగలిగేవారు అరుదు. పిచ్చిగీతలు గీసేవారికీ ఈ పద్ధతి పనికొస్తుంది.

ఇది ఆటిజాన్ని మాన్పే మందు కాదు. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో ఎక్కువ కొద్దిమందితో చేసినవే. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ అవసరమైనవారికి వాటితోపాటే దీన్ని వాడాలి. బ్రిటన్‌లో ఆర్ట్ థెరపిస్టు అన్న హోదాకు చట్టరక్షణ ఉంది. రిజిస్టర్ కానివారు ఆ పేరు పెట్టుకోకూడదు. బొమ్మలు నేర్పగలవారంతా థెరపీ చేయలేరు. పిల్లలను చేర్పించే ముందు, థెరపిస్టు ఎక్కడ శిక్షణ పొందారో, ఆటిజం ఉన్నవారితో ఎంతకాలం పనిచేశారో తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి.