ఊరుకోవడం తెలిసిన కాలు

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందని సామెత. స్వారీ నేర్పేచోట ఈ మాట తరచూ వినబడుతుంది. గుర్రం మొరాయించినప్పుడల్లా ఎవరో ఒకరు సామెత ఎత్తుకుని, పైనున్న పిల్లాణ్ని ‘తన్ను, ఇంకా గట్టిగా తన్ను’ అని ఎగదోస్తారు. సామెతతో నాకు పేచీ లేదు. తప్పు గుర్రం మీదికి నెట్టకుండా రౌతునే పట్టుకుంది, న్యాయమే. మెత్తదనానికి విరుగుడు తన్నడమేనని అనుకుంటారే, అక్కడే నా పేచీ. బద్ధకపువని పేరుపడ్డ గుర్రాలను చాలా చూశాను. మెత్తని కాలు వల్ల చెడినవి వాటిలో తక్కువ. క్షణం ఊరుకోని కాలు వల్ల చెడినవే ఎక్కువ.

నమ్మకం కుదరకపోతే అలాంటి గుర్రం పక్కన నిలబడి దాని డొక్క చూడండి. జీను పట్టీకి కాస్త వెనక, రౌతు పిక్క ఆనేచోట, అడుగడుగునా మడమ టపటపా తగులుతూ ఉంటుంది. గుర్రం చెవి కూడా తిప్పదు. తల కిందికి వేసి, డెక్కలు ఈడ్చుకుంటూ అదే నడక. ఇంతలో ఓ ఈగ వచ్చి ఆ మడమకు జానెడు దూరంలో వాలుతుంది. వాలీ వాలగానే అక్కడి చర్మం జలజలా వణుకుతుంది, ఈగ లేచిపోతుంది. ఆ వణుకు పుట్టించడానికే గుర్రానికి చర్మం కింద పల్చటి కండరం ఒకటి పరుచుకుని ఉంటుంది. ఈగ బరువు తెలిసిన ఒంటికి మనిషి మడమ తెలియకపోవడమేమిటి? బాగానే తెలుస్తోంది. దానికి అర్థమేమీ లేదన్న సంగతి కూడా ఎప్పుడో తెలిసిపోయింది.

గుర్రం నేర్చుకునే తీరులో ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే మిగతాదంతా దాని వెంటే వస్తుంది. పిక్క డొక్కకు ఆనుతుంది, గుర్రం అడుగేస్తుంది, పిక్క తొలగిపోతుంది. ఆ తొలగిపోవడంలోనే దానికి పాఠం ఉంది. ముందుకు నడిస్తే ఈ ఒత్తిడి పోతుందని అలాగే తెలుసుకుంటుంది. నడిచినా ఒత్తిడి పోకపోతే? నడవకపోయినా ఏమీ కాకపోతే? అప్పుడు ఆ పిక్క కూడా జీనులాగే ఒంటి మీద మోయాల్సిన మరో బరువు. పాల్ మెక్‌గ్రీవీ, ఆండ్రూ మెక్‌లీన్ 2010లో తెచ్చిన ‘ఈక్విటేషన్ సైన్స్’ పుస్తకం దీన్ని శాస్త్రపరంగా విప్పి చెబుతుంది. అనుభవమున్న సాయీసులకు పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు. నాలుకతో ఒక్కసారి టక్కుమనిపించి ఊరుకుంటారు. పిల్లలు ఎంత తన్నినా కదలనిది వాళ్లకు కదులుతుంది.

నేర్పే గుర్రాల బతుకు చూస్తే అవి మొద్దుబారడంలో వింతేమీ లేదు. ఒకరి తర్వాత ఒకరు కొత్తవాళ్లే ఎక్కుతారు. పడిపోతామన్న భయంతో మోకాళ్లు బిగిస్తారు. మోకాలు బిగిస్తే కింది కాలు నిలకడ తప్పి ప్రతి అడుగుకీ డొక్కను కొడుతుంది. అదే భయంతో పగ్గాలు పట్టుకుని వేలాడతారు. కాలేమో పొమ్మంటుంది, చెయ్యేమో ఆగమంటుంది. కండక్టరు ‘రైట్ రైట్’, ‘హోల్డాన్’ ఒకే ఊపిరిలో దారిపొడవునా అరుస్తుంటే ఆర్టీసీ డ్రైవరు ఏం చేస్తాడు? ఆ గొంతు పట్టించుకోవడం మానేసి తనకు తోచినట్టు బండి నడుపుకుంటాడు. గుర్రమూ అంతే చేసింది. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి శిక్షకుడు ఫ్రాన్స్వా బోషే ఈ రెండింటినీ విడదీశాడు. కాలు అడిగేటప్పుడు చెయ్యి, చెయ్యి అడిగేటప్పుడు కాలు పక్కకు తప్పుకోవాలన్నాడు. స్వారీ గురించి నేను చదివిన సలహాల్లో ఇంతకంటే దయగలది లేదు.

మలక్‌పేట పందేల నుంచి దిగివచ్చిన గుర్రాలది వేరే కథ. జాకీలు రికాబులు బాగా పొట్టిగా కట్టుకుని జీను మీద లేచి ఉంటారు, వాళ్ల పిక్క గుర్రం డొక్కను చుట్టుకోదు. అలాంటి గుర్రానికి పిక్క ఆనితే నడవాలన్న సంగతి మొదటి నుంచి నేర్పాలి. నేను ఎక్కే ఆడగుర్రం చాందిని అలా వచ్చిందే. విని విని విసిగినదాన్నీ, అసలు నేర్వనిదాన్నీ ఒకే గాటన కట్టి బద్ధకం అనేయడం అన్యాయం.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది నొప్పి. జీను సరిపడక వీపు ఒరుసుకుపోతోందా, లాడాలు వదులయ్యాయా, పళ్లు మొనదేరి బుగ్గల్లో గుచ్చుకుంటున్నాయా, కడుపులో పుండ్లున్నాయా? పందెపు గుర్రాల్లో కడుపు పుండ్లు చాలా మామూలు. పశువైద్యుణ్ని పిలిచి ఇవి తేల్చుకోకుండా గుర్రాన్ని తన్నడం క్రూరత్వం.

నొప్పి లేదని తేలాక చేయాల్సిన పని చిన్నదే, దానికి కావాల్సిన ఓర్పే పెద్దది. గుర్రాన్ని నిలబెట్టి, నా కాళ్లు రెండూ వేలాడనిచ్చి, పగ్గాలు కాస్త వదులు చేసి, పిక్కలతో ఒక్కసారి మెల్లగా అదుముతాను. ఎప్పటికైనా ఎంత చిన్న సైగకు అది కదలాలని నా కోరికో, మొదటి రోజు నుంచీ అంతే అదుముతాను. కదలకపోతే రెండోసారి గట్టిగా అదమను. వెంటనే పొడుగు కొరడా కొసతో పిక్క వెనకాలే చిన్నగా తడతాను, అది అడుగేసేదాకా తడుతూనే ఉంటాను. అడుగు పడిందంటే కొరడా, కాలు రెండూ ఆగిపోవాలి. కొరడా అంటే చాలామందికి దెబ్బే గుర్తొస్తుంది. ఇక్కడ దెబ్బకు చోటు లేదు. మొద్దుబారిన గుర్రం కోసం స్పర్స్ తొడుక్కోవడం కూడా నాకు ఇష్టం లేదు. కాలే నిలకడగా లేనివారి మడమకు ఇనుము కడితే ఆ పోటు గుర్రానికి అడుగడుగునా తప్పదు.

చాలామంది చేసిందంతా చెడగొట్టుకునేది ఆ మొదటి అడుగు దగ్గరే. ఉలిక్కిపడ్డట్టు గుర్రం ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది. నడక అడిగితే ట్రాట్, అంటే దుడుకు నడక, ఇస్తుంది. పైనున్నవారు బెదిరి కళ్లెం లాగుతారు. చెప్పినమాట విన్నందుకు దాని నోట్లో ఇనుము గుంజుకుంది. ఇంకోసారి ఎందుకు వింటుంది? అందుకే మొదట్లో ఒక చేత్తో జూలు గుప్పిట పట్టుకోమంటాను. దూకితే దూకనివ్వండి. నాలుగడుగులు పోనిచ్చి, మెడ నిమిరి, ఆ తర్వాత నెమ్మదిగా నడకలోకి దించండి. దూకుడు తగ్గించడం తర్వాత నేర్పుకోవచ్చు. ముందుకు పోవాలన్న ఇష్టాన్ని చంపేస్తే తిరిగి పుట్టించడానికి ఏళ్లు పడుతుంది.

ఇక అన్నిటికంటే కష్టమైనది, నడక సాగుతుంటే ఏమీ చేయకుండా ఉండటం. కాలు ఆనీ ఆననట్టు ఉండాలి. వేగం తగ్గితే మళ్లీ ఒక్కసారి అడగాలి, మళ్లీ ఊరుకోవాలి. అడిగే అదును గుర్రమే చూపిస్తుంది. నడకలో దాని పొట్ట ఇటూ అటూ ఊగుతుంది. ఎడమ వెనక కాలు లేచి ముందుకొచ్చేటప్పుడు పొట్ట కుడికి ఒరుగుతుంది, మన ఎడమ పిక్క దానంతటదే లోపలికి పడుతుంది. అప్పుడు అడిగితే, గాల్లో ఉన్న కాలు గనక ఇంకాస్త ముందుకు చాపగలదు. నేలకు ఆనించి బరువు మోస్తున్న కాలిని అడిగి ఏం లాభం? ఇలా పట్టుపట్టి చేస్తూ పోగా ఒకనాడు చాందిని ఎడమ చెవి నా వైపు తిరిగింది. నేనింకా అదమనేలేదు, అదమబోతూ ఊపిరి తీసుకున్నానంతే. ఆ సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అనుష్ అగర్వాలా, హృదయ్ ఛెడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా డ్రెస్సాజ్‌లో, అంటే కనిపించీ కనిపించని సైగలతో గుర్రాన్ని నడిపించే పోటీలో, జట్టుగా బంగారు పతకం గెలిచారు. ఆసియా క్రీడల గుర్రపు స్వారీలో 41 ఏళ్ల తర్వాత మనకు వచ్చిన స్వర్ణం అది. ఆ పోటీ వీడియోలు చూసేటప్పుడు కాసేపు గుర్రాలను వదిలేసి రౌతుల కాళ్లనే చూడండి. ఎంత తక్కువ కదులుతాయో చూస్తే నేను చెప్పేది నమ్ముతారు.

అంతటి నిలకడ పుట్టుకతో వచ్చేది కాదు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తగా చేరినవాళ్లను ముందుగా లాంజ్ తాడు మీద, రికాబులూ పగ్గాలూ లేకుండా తిప్పుతారు. తాడు శిక్షకుడి చేతిలో ఉంటుంది, నేర్చుకునేవారి పనల్లా గుర్రం నడకకు ఒళ్లు అలవాటు చేసుకోవడమే. ఇక్కడేమో కంచె అవతల అమ్మానాన్నలు ఫోన్లు పట్టుకుని ‘మావాడు ఎప్పుడు పరిగెత్తిస్తాడు?’ అని అడుగుతుంటే, శిక్షకులు తొందరపడి మొదటి వారమే పగ్గాలు చేతికిచ్చేస్తున్నారు. ఆ తొందర గుర్రాల డొక్కలకు తగులుతోంది. పిల్లల్ని స్వారీకి పంపే తల్లిదండ్రులకు నాదొక విన్నపం. మొదటి నెల లాంజ్ మీదే తిప్పండని మీరే అడగండి. కాదనే శిక్షకుణ్ని నేనింతవరకు చూడలేదు.