ఒకే కంప్యూటరు – రెండు పైథానులు

ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు బోధనతోపాటు రెండు దురభ్యాసములు కూడ ప్రవేశించినవి. క్రొత్త కూర్పు రాగానే పాతదానిని తుడిచివేయుట ఒకటి. ప్రోగ్రామును అచ్చువేయుచు అది ఏ కూర్పునకు వ్రాసినదో తెలుపకుండుట రెండవది. ఇవి రెండును శాస్త్రపద్ధతికి విరుద్ధములు.

పైథాన్ భాషనే తీసికొందము. దాని 3.0 కూర్పు 2008 డిసెంబరులో వెలువడినది. అయినను 2వ వరుస కూర్పులకు పోషణ 2020 జనవరి 1 వరకు సాగినది. పదకొండేండ్లు రెండును ప్రక్కప్రక్కనే మనినవి. ఆనాటి ప్రోగ్రాములు నేటికిని పాత పుస్తకములలో తటస్థపడును.

కొల్లేటిలో విద్యార్థులు రెండుచోట్ల నీటిలోతు కొలిచి 3 అడుగులు, 4 అడుగులు అని వ్రాసికొనిరనుకొనుడు. సగటుకై 7ను 2చే భాగింపుమన్నచో పాత పైథాన్ 3 అనును, క్రొత్తది 3.5 అనును. ‘కొల్లేరు’ అను మాటను యూటీఎఫ్-8 పద్ధతిలో వ్రాసి దాని పొడవడిగినచో పాతది బైట్లను లెక్కించి 24 అనును. క్రొత్తది సంకేతములను లెక్కించి 8 అనును. మనకు తెలిసిన అక్షరములు మూడే! తప్పును చాటిచెప్పు ప్రోగ్రాము మేలు. మారుపలుకక వేరు జవాబిచ్చునది ప్రమాదకరము. కొల్లేటి నీటిని చూచి ఇది కృష్ణా డెల్టాదో, గోదావరి డెల్టాదో చెప్పజాలము. అట్లే జవాబును చూచి అది ఏ కూర్పునుండి వచ్చినదో గుర్తింపజాలము.

ఇందుకు సాధనములు లేకపోలేదు. పైథాన్ 3.3తో 2012లో వచ్చిన ‘వెన్వ్’ ఒక్కొక్క పనికి కావలసిన సహాయక గ్రంథాలయములను వేరువేరుగా ఉంచును. కాని అది పైథాన్ యొక్క మరొక కూర్పును తెచ్చిపెట్టదు. ఈ భేదమును బోధకులు తరచు మరచుచున్నారు. ‘పైఎన్వ్’ ఆ కొరతను తీర్చును. ఆజ్ఞ ఇచ్చినపుడు కంప్యూటరు కొన్ని సంచయములను వరుసగా వెదకి, మొదట దొరికినదానిని నడపును. పైఎన్వ్ ఆ వరుసలో తాను ముందు నిలిచి, సంచయములో వ్రాసియున్న కూర్పు సంఖ్యను చదివి, తగినదానిని పిలుచును. ఉపాయము చక్కనిదే. కాని అది సాధారణముగా మూలప్రతినుండి పైథానును నిర్మించును గనుక కాలము, ఇంటర్నెట్టు రెండును కావలెను. విండోసుపై నేరుగా పనిచేయదు. ఏ కూర్పు నడచుచున్నదో అడిగిననే గాని చెప్పదు.

కావున సాధనమొక్కటే చాలదు. భౌతికశాస్త్రపు రికార్డులో ఉష్ణోగ్రత వ్రాయించు ఉపాధ్యాయుడు ప్రోగ్రాము మొదటి పంక్తిలో కూర్పు సంఖ్యను ఏల వ్రాయింపరాదు? ఏలూరు బడిలో వ్రాసిన ప్రోగ్రాము రేపు తాడేపల్లిగూడెమున, 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో ఒక విద్యార్థి చేతికి పోవచ్చును. అచటను అదే జవాబు రావలెను. పోషణ ముగిసిన పాత కూర్పుతో క్రొత్తపని ఆరంభింపరాదు. పాత ఫలితమును సరిచూచుటకు మాత్రము దానిని భద్రపరుపవలెను. పరులు తిరిగి చేసి చూడగలిగినదే ప్రయోగము. కూర్పు సంఖ్య లేని ప్రోగ్రాము, కొలమానము చెప్పని కొలత వంటిది.