ఆజ్ఞకు పదచ్ఛేదము

పద్యము బోధించు ఉపాధ్యాయుడు మొదట పదచ్ఛేదము చేయించును. ప్రతిపదార్థము ఆ తరువాతిది. విరుపు తప్పినచో అర్థము ఎంత చెప్పినను వ్యర్థమే. కంప్యూటరుకు టైపుచేసి ఇచ్చు ఆజ్ఞల సంగతియు ఇంతే. ఆ పంక్తిని చదివి పదములుగా విడదీయు ప్రోగ్రామునకు షెల్ అని పేరు. విడిన పదములలో మొదటిది ఆజ్ఞ; తక్కినవి ఆర్గ్యుమెంట్లు, అనగా ఆ ఆజ్ఞ దేనిమీద, ఏ రీతిగా పనిచేయవలెనో తెలుపు మాటలు.

‘పదవ తరగతి మార్కులు’ అను ఫైలును తీసివేయవలెననుకొందము. యూనిక్సులో దానికి ఆజ్ఞ ఆర్‌ఎం. ప్రక్కన ఆ పేరును ఉన్నదున్నట్లు వ్రాసినచో షెల్ ఖాళీలవద్ద విరిచి మూడు పేర్లుగా అందించును. ‘మార్కులు’ అను వేరొక ఫైలు అక్కడనే ఉన్నచో పోవునది అది, పోవలసినది మిగిలియుండును. తప్పు ఆర్‌ఎంది కాదు. దానికి అందినవి మూడు పేర్లు.

ఈ విరుపును ఆపుటకే కొటేషను గుర్తులు ఏర్పడినవి. చిక్కు మొదలగునది ఇచ్చటనే. 1979లో యూనిక్సు ఏడవ కూర్పుతో వెలువడిన బోర్న్ షెల్‌లో ఒంటి కొటేషన్ల నడుమ నున్నది ఏదైనను మారదు. ఇంత సరళమైన నియమము మరొకటి లేదు. ఒంటి కొటేషను గుర్తునే లోపల ఉంచుటకు వీలులేదనుటయే దాని కొరత. ఇంచుమించు అదే కాలమున బిల్ జాయ్ బర్క్‌లీలో వ్రాసిన సీ షెల్‌లో మాత్రము ఆ కొటేషన్ల నడుమ ఉన్నను ఆశ్చర్యార్థకపు గుర్తు పాత ఆజ్ఞలను వెదకి తెచ్చు పనిని మానదు. విండోసులోని సీఎండీకి ఒంటి కొటేషను గుర్తే కాదు, మామూలు అక్షరము. పై పేరు అక్కడ మూడు ముక్కలగుటయే గాక మొదటి, చివరి ముక్కలకు కొటేషన్లు అంటుకొని పోవును. జంట కొటేషన్లు ఈ పేరునకు రెండుచోట్లను సరిపోవును గాని, పేరులో డాలరు గుర్తున్నచో బోర్న్ షెల్, శాతపు గుర్తులున్నచో సీఎండీ వానిని చరరాశులుగా భావించి మార్చవచ్చును. అన్ని షెల్లలోను అన్ని పేర్లకు చెల్లు గుర్తు ఒక్కటియు లేదు.

గుర్తుల భేదము పైకి కనబడునది. లోతైన భేదము వేరు. యూనిక్సులో ఒకసారి పదచ్ఛేదము జరిగిన పిమ్మట ఆర్గ్యుమెంట్లు జాబితాగనే కొత్త ప్రోగ్రామును చేరును. నడుమ ఎవరును మరల విరువరు. విండోసులో అందునది ఒకే పొడుగు పంక్తి. దానిని విరుచు భారము అందుకొన్న ప్రోగ్రాముదే. శిష్యులకు సంహితపాఠము ఇచ్చి, ఎవరికి తోచినట్లు వారు విరుచుకొనుడనుట వంటిది ఈ ఏర్పాటు. చాల ప్రోగ్రాములు మైక్రోసాఫ్టువారి సీ లైబ్రరీ నియమములనే అనుసరించుటచేత పని గడచుచున్నది. సీఎండీ నియమములు మాత్రము వేరు.

దీని ఫలితము 2024 ఏప్రిలులో బయటపడెను. రస్ట్ భాషలోని లైబ్రరీ ఆర్గ్యుమెంట్లను జాబితాగా తీసికొని, మార్పులేక అందింతునని మాట ఇచ్చియుండెను. కాని విండోసులో బ్యాచ్ ఫైలును నడుపవలసివచ్చినపుడు సీఎండీ నడుమ దూరును. అపరిచితుడు పంపిన ఆర్గ్యుమెంటులో తగిన గుర్తులున్నచో అది ఆర్గ్యుమెంటుగా నిలువక కొత్త ఆజ్ఞయై నడచును. ఈ లోపపు తీవ్రతకు 10కి 10 వేసిరి. నోడ్, పీహెచ్‌పీ, హాస్కెల్‌లందును ఇదే లోపము బయటపడెను. రస్ట్ 1.77.2 కూర్పులోని దిద్దుబాటు మెచ్చదగినది: భద్రముగా అందింపజాలని ఆర్గ్యుమెంటు వచ్చినపుడు అది పనిని నిరాకరించి దోషమును తెలుపును. తప్పుగా విరుచుటకంటె విరువజాలనని చెప్పుట మేలు గదా!

ప్రోగ్రాము వ్రాయువారు పంక్తిని కూర్చి షెల్‌కు ఇచ్చుట మాని, పైథానులోని సబ్‌ప్రాసెస్ వంటి సాధనముతో జాబితానే అందించుట ఉత్తమము. ఐనను ఒక చిక్కు మిగులును. ఫైలు పేరు అడ్డగీతతో మొదలైనచో ఆర్‌ఎం దానిని పేరుగా గాక తన పనితీరును మార్చు ఆప్షనుగా గ్రహించును. ఇచట పదచ్ఛేదము సరియైనదే; తప్పినది ప్రతిపదార్థము. కొటేషన్లు దీనికి మందు కావు. పేరుకు ముందు రెండు అడ్డగీతలను ప్రత్యేక పదముగా ఉంచవలెను, లేదా పేరును చుక్క, వాలుగీతలతో మొదలిడవలెను.