బఖా ఎక్కడికి పోయాడు?

1935లో వెలువడిన ముల్క్ రాజ్ ఆనంద్ నవల ‘అన్‌టచబుల్’ చివర, పాకీపని చేసే బఖా తన విముక్తికి మూడు మార్గాలు వింటాడు: ఫాదరీ చెప్పే మతం, గాంధీజీ చెప్పే హృదయ పరివర్తన, ఒక కవి చెప్పే నీటి పాయిఖానా. యంత్రం వస్తే ఆ పని వుండదు, పని లేకపోతే ఆ ముద్రా వుండదు అని కవి ఆశ. మూడింటిలోనూ భౌతికవాదికి దగ్గరైనది యిదే. కాని యిది అసంపూర్ణమని నా వాదం.

యంత్రం వచ్చింది. బఖా ఎక్కడికి పోయాడు? భూమి క్రిందికి. అంబర్‌పేటలో మూసీ వొడ్డున వున్న మురుగు శుద్ధి కేంద్రం రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేయడానికి కట్టినది. యిళ్ళలోని పాయిఖానాల నుంచి అక్కడిదాకా ఆ మురుగు గొట్టాలలో పోవాలి. గొట్టం పూడినచోట నగరాలు మనిషిని దింపాయి. తట్ట మోసిననాడు బఖా కంటికైనా కనిపించేవాడు. మ్యాన్‌హోల్‌లో ఆ మాత్రమూ లేదు.

యిక చట్టాన్ని చూద్దాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 36వ సెక్షన్‌లో, విషవాయువులుండే తొట్టిలోకీ గోతిలోకీ తగిన జాగ్రత్తలు లేకుండా మనిషిని దింపరాదన్నది. అనగా, నాచారం పారిశ్రామికవాడలో కార్ఖానా గేటు లోపల పనిచేసేవానికి ఆ రక్షణ కాగితం మీదనైనా వుండింది. గేటు బయట వీధిలో అదే వాయువు పీల్చేవానికి? 1993 చట్టం ప్రధానంగా పొడి పాయిఖానాల గురించే మాట్లాడింది. మురుగుకాలువల సంగతి పార్లమెంటు చట్టంలోకి ఎక్కడానికి 2013 దాకా పట్టింది. వాయువు ఒకటే, ఊపిరి ఒకటే; అరవై అయిదేళ్ళ తేడా ఎక్కడిది? ఒకనిది ‘ఉద్యోగం’, మరొకనిది ‘కులవృత్తి’ అన్న తేడా అది.

ఆ 2013 చట్టమైనా ఒక కిటికీ తెరిచివుంచింది. రక్షణ పరికరాలిచ్చి దింపితే అతడు పాకీపనివాడు కాడట! చేతితొడుగు తొడిగితే కులం మారిపోతుందా? అయినా అదే చట్టం ‘ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని’ ప్రమాదకరమైన పనిలో పెట్టరాదన్నది. కాంట్రాక్టరు వెనుక దాగే యజమానిని బయటికి లాగేది ఆ రెండు మాటలే.

సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన పిటీషను మీద సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. 1993 నుంచి మురుగుకాలువలలో చనిపోయిన ప్రతివాని కుటుంబానికీ 10 లక్షలు యివ్వమన్నది. 2023లో మరో తీర్పు దానిని 30 లక్షలు చేసింది. యివి చిన్న విజయాలు కావు. కాని శవానికి కట్టిన వెల పెరగడం వేరు, బ్రతికున్నవాడు ‘నేను దిగను’ అని చెప్పి రేపు కూలి పోగొట్టుకోకుండా వుండగలగడం వేరు. మానవహక్కు పనిస్థలంలోకి ప్రవేశించిందా లేదా అన్నదానికి గీటురాయి యీ రెండవదే.

ఆ మాట ఒంటరివాడు అనలేడు. తకళి శివశంకర పిళ్ళై దీనిని గుర్తించాడు. ఆయన 1947 నాటి మలయాళ నవల ‘తోట్టియుడె మకన్’లో చుడలముత్తు కొడుకును యీ పని తప్పించాలని డబ్బు కూడబెడతాడు, అందుకోసం సంఘాన్నే అమ్ముకుంటాడు, కొడుకు మళ్ళీ ఆ పనిలోకే వస్తాడు. ఆనంద్ యంత్రాన్ని చూపాడు. తకళి సంఘాన్ని చూపాడు.

మన రచయితలు చూపవలసినది యింకా వుంది: మ్యాన్‌హోల్ మూత తీయించినదెవరు, ఎవరి సంతకంతో, ఎంత కూలికి? బఖా కన్నీటిని వర్ణించడం తేలిక. అతని యజమాని పేరు వ్రాయడమే అభ్యుదయ సాహిత్యం పని.