నడిమి ఇరువదినాలుగేండ్లు

మా పరకాలలో ఉజ్జీవకూటములకు వచ్చు ప్రసంగీకులు ఒంగోలు చరిత్ర నెత్తుకొనినచో, 1878 జూలై 3వ తేదిని గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిన ఘట్టమును గొంతెత్తి వర్ణింతురు. నా మనస్సు మాత్రము దానికి వెనుకనున్న ఇరువదినాలుగేండ్లమీదనే నిలుచును.

1854 జనవరి 1వ తేది ఉదయమున ఒంగోలు గుట్టమీద, నెల్లూరులోని అమెరికా బాప్టిస్టు తెలుగు మిషనుకు చెందిన మిషనరీ లైమన్ జూయెట్ దంపతులును, నెల్లూరు విశ్వాసులు కొందరును మోకరించి, ఆ ఊరికొక సేవకుని పంపుమని దేవుని వేడుకొనిరి. ఫలము కానరాని ఈ తెలుగు మిషనును మూసివేయుదమా యని అమెరికా బాప్టిస్టు పెద్దలు తర్జనభర్జనలు పడుచుండిన కాలమది. గుట్ట దిగినవారు నెల్లూరు చేరి వెనుకటి పనియే చేసిరి. వారు వేడుకొనిన సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలున కాపురము పెట్టుటకు మరి పండ్రెండేండ్లు పట్టెను.

1876లో మొదలైన క్షామమున క్లౌ, బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. కాని గింజలకై మతము పుచ్చుకొనిరను నింద వచ్చునని శంకించి, సహాయము నడచినంతకాలము బాప్తిస్మమడిగినవారిని ఆపివేసెను. ఆయన జాగ్రత్తను నేను తప్పుపట్టను. అయినను, ఆకలితోనే కాచుకొనియున్న, పెక్కుమంది మాదిగలైన, ఆ జనుల ఓర్పును విడిచి, మిషనరీల ఓర్పునే కొనియాడుట నాకు సమ్మతము కాదు. గుండ్లకమ్మ బాప్తిస్మముల మరుసటి యేడే, 1879లో, హనుమకొండలో బాప్టిస్టు మిషను నెలకొనుటచే ఈ చరిత్ర మాకును చుట్టరికము గలదైనది.

అట్టి ఓర్పునకు మారుగా ఇప్పటి కూడికలలో గడువులు వినబడుచున్నవి: ఇన్ని శుక్రవారములు ఉపవాసమున్నచో ఉద్యోగము, ఇంతలోగా వీసా. బాకీ వసూలునకు వచ్చినవాడును ఇట్లే మాటలాడును. దేవునికై వేచియుండు కనిపెట్టు ప్రార్థనను నే నెరిగిన రీతి వేరు: తెల్లవారుజామున అడుగవలసినది ఒక్కమారడిగి, కొంతసేపు మాటలేక కూర్చుండి, ఆపై లేచి ఆనాటి పనికి పోవుట. ఆ మాటలేని సేపే కష్టము. సంతబేరములు, పొరుగువారి నిందలు సరిగా అప్పుడే తలపునకు వచ్చును.

మృగశిర దాటినను వానలు కుదురుకొనక, పత్తి అక్కడొకటి ఇక్కడొకటిగా మొలిచిన యేట, కూడిక ముగిసినపిదప ఒక కుఱ్ఱవాడు ముసలిరైతు నొకని, "ఇంకెన్నాళ్లు సూడాలె తాతా?" అని యడిగెను.

"వాన సంగతి ఆయన సూసుకుంటడు గని, మొలవని కాడ పోగుంటలు పెట్టెటందుకు గింజలు తక్కువ వడ్డయి. దుకాన్ బందైతది, పా" అని ఆయన చెప్పులు తొడుగుకొనెను.