లెక్కకెక్కిన బరువు

కరణం మల్లీశ్వరి మీద పాతికేళ్లుగా వచ్చిన వ్యాసాలు, ఇంటర్వ్యూలు, పిల్లల కోసం రాసిన జీవిత రేఖలు వరసగా పెట్టుకుని చదివితే అన్నిటిదీ ఒకటే నడక. మారుమూల పల్లె, చిన్న ఇల్లు, బక్కపలచని పిల్ల, ఆమెలో ఏదో ఉందని కనిపెట్టిన ఒక మగవాడు, కష్టం, పతకం, జెండా. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ స్త్రీ అయిన మనిషి గురించి మనం రాసుకున్నది ఇంతేనా అనిపిస్తుంది. ఆమె ఘనత మీద నాకు అనుమానం లేదు. నా పేచీ ఆ ఘనతను చెప్పే పద్ధతితో.

ఈ కథల్లో శ్రీకాకుళం ఎలా వస్తుందో చూడండి. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పేరు ముందు వస్తుంది. కలియుగ భీముడు పుట్టిన గడ్డ కాబట్టి ఇక్కడ ఆడపిల్ల కూడా బరువులు ఎత్తింది అని ధోరణి. ఆ "కూడా"లోనే ఉంది అసలు సంగతంతా. బలానికి వంశవృక్షం గీయాల్సి వస్తే మనవాళ్లకు ఒక మగవాడే దొరుకుతాడు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో ఆ పిల్ల కళ్లముందు రోజూ బరువు మోసిన ఆడవాళ్లు ఆ చెట్టు మీద ఏ కొమ్మకీ కనిపించరు.

తల్లి సంగతి తీసుకుందాం. అక్క అప్పటికే బరువులెత్తడం నేర్చుకుంటోంది. తనకూ నేర్పమని వెళితే, మరీ బక్కగా ఉన్నావు, నీ వల్ల కాదు, ఇంటిపని చూసుకో అన్నారని మల్లీశ్వరే చెప్పుకున్నారు. ఇంటికొచ్చి ఏడిస్తే, నువ్వు చెయ్యగలవు అన్నది తల్లి శ్యామల. నీలంశెట్టి అప్పన్న శిక్షణ, అక్కతో పాటు వెళ్లిన శిబిరంలో సోవియట్ ఛాంపియన్ లియొనిద్ తారానెంకో ఆమెను గుర్తించడం, బెంగుళూరు ప్రయాణం, అన్నీ ఆ తర్వాతవే. కానీ వ్యాసాల్లో తల్లికి ఒక్క వాక్యం, తారానెంకోకి పేరా. ముందు నమ్మిన మనిషిని వదిలేసి, తర్వాత చూసిన మనిషిని "కనిపెట్టినవాడు" అంటాం. అయిదుగురు అక్కచెల్లెళ్లూ ఇనుము పట్టిన ఇల్లది. ఆ వాతావరణం ఎలా నిలబడింది, ఎవరు వండిపెట్టారు, ఎవరు ఎవరికి తోడు వెళ్లారు అన్నది ఎవరూ అడగలేదు. "దంగల్" (2016) వచ్చాక పరిస్థితి మరీ దిగజారింది. ఆడపిల్ల ఆటలో పైకి రావాలంటే పట్టుదల గల తండ్రి ఉండాలన్నది ఇప్పుడొక సూత్రం.

నేను పాఠం చెప్పేది టెక్కలిలో. ఆమదాలవలస నుంచి ఇదే రైలు దారిలో గంటన్నర లోపు పలాస వస్తుంది. నా తరగతిలో సగం మంది పలాస, ఉద్దానం వైపు పిల్లలే. మల్లీశ్వరి మీద వచ్చిన ఒక వ్యాసం చదివించి, బలం అంటే ఏమిటో రాయమన్నాను. చాలామంది పట్టుదల, ఆత్మవిశ్వాసం అని రాశారు. ఒక అమ్మాయి మాత్రం లేచి, "ఏటి మేడం, మాయమ్మ ఎత్తింది బరువు కాదేటి?" అంది. వాళ్లమ్మ పలాసలో జీడిపప్పు బట్టీకి వెళుతుంది.

అక్కడి పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఉద్దానంలో జీడిపిక్కల లెక్క 80 కిలోల బస్తాల్లో ఉంటుంది. పిక్కని కాల్చో ఉడికించో పగలగొట్టి, పప్పు విరక్కుండా తీసి, పొట్టు వలిచి, రకాలుగా ఏరుతారు. ఇందులో ఎక్కువ పని ఆడవాళ్లదే. పెంకు నుంచి కారే జీడినూనె వేళ్లను తినేస్తుంది. పొట్టు వలిచే ఆమె కూలి పప్పు తూకాన్ని బట్టే. అంటే తక్కెడ ఆమెకు కొత్త కాదు, రోజూ దాని ముందు నిలబడుతూనే ఉంది. సాయంత్రం తాగే నీళ్ల మోత కూడా చాలా ఇళ్లలో ఆడవాళ్లదే. కిడ్నీ జబ్బులు ఊళ్లకు ఊళ్లను పీడిస్తున్న ఉద్దానంలో ఆ నీళ్లు మామూలు విషయం కాదు. ఇరవై లీటర్ల డబ్బా అంటే ఇరవై కిలోలు. దానికి న్యాయనిర్ణేతలు లేరు.

శ్రమనీ క్రీడనీ ఒకటి చేస్తున్నానని ఎవరైనా అనొచ్చు. ఒకటి కాదు. మోత నడుము విరుస్తుంది, శిక్షణ నడుముని కడుతుంది. తిండి, విశ్రాంతి, వైద్యం దొరికితేనే బలం క్రీడ అవుతుంది. నేననేది ఏ బరువు లెక్కకెక్కుతుందో ఎవరు నిర్ణయిస్తున్నారని. మగవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్లకు ప్రపంచ పోటీలు 1987లో గానీ మొదలు కాలేదు, ఒలింపిక్ వేదిక 2000లో గానీ దొరకలేదు. 1994, 95లలో మల్లీశ్వరి ప్రపంచ విజేత. మరి 1996 అట్లాంటాలో ఆమె ఎందుకు లేదు? ఆడవాళ్లకు అక్కడ ఆ పోటీయే లేదు. ఈ ఒక్క వాక్యం జీవిత రేఖల్లో ఉంటే కథ మొత్తం మారిపోతుంది. అప్పుడది మరుగున పడ్డ ప్రతిభ బయటపడిన కథగా ఉండదు, నూరేళ్లు మూసి ఉన్న తలుపు కథ అవుతుంది.

శరీరం గురించి రాసిన రాతలు మరో బాధ. 54 కిలోల విభాగంలో గెలిచిన మనిషి 69కి మారితే, సిడ్నీకి ముందు ఆమె తిండి మీద, ఒళ్లు మీద పత్రికల్లో చులకన మాటలు వచ్చాయి. శరీర బరువుని బట్టే విభాగాలుండే ఆటలో కూడా ఆడదాని బరువు తప్పే! పతకం రాగానే అదే ఒళ్లు "ఉక్కు మహిళ" అయింది. మాంసం నచ్చనివాళ్లకు ఇనుము నచ్చింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఆమె ఎత్తలేకపోయిన బరువు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130. చివరి ప్రయత్నానికి 137.5 పెట్టించారు. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే తేలాయి కాబట్టి, అది నిలిచి ఉంటే స్వర్ణమే. నిలవలేదు. తక్కువ పెట్టుకోవాల్సిందని తర్వాత చాలామంది లెక్కలు కట్టారు. వాళ్లు దాన్ని పొరపాటుగా చూస్తారు. ఉన్నదాంతో సర్దుకోమని పుట్టినప్పటి నుంచీ వినే పిల్లలకు ఈ ఘట్టాన్నే ముందు చెప్పాలని నేనంటాను.

తర్వాతి సంవత్సరాలను మాత్రం అందరూ తొందరగా దాటేస్తారు. 1997లో పెళ్లి, హర్యానాలోని యమునానగర్, 2001లో కొడుకు. బిడ్డ పుట్టాక ఆట ఆగిపోయిందన్నట్టు రాస్తారు. ఆగలేదు. 2002 కామన్వెల్త్ క్రీడలకు సిద్ధమై, తండ్రి మరణంతో వెనక్కి తగ్గింది. 2004లో ఏథెన్స్ వెళ్లింది, ఫలితం లేకుండా తిరిగొచ్చింది, అప్పుడు విరమించింది. బాలింత శరీరం మళ్లీ ఆ ఇనుము కిందికి ఎలా వెళ్లింది? ఆ మూడేళ్ల మీద ఒక మంచి వ్యాసం నాకు ఇంతవరకూ కనిపించలేదు. ఆమె జీవితం మీద సినిమా తీస్తామని 2020లో ప్రకటించారు. వస్తే నేను ముందు వెతికేది ఆ మూడేళ్లనే, ఇంటిపని చూసుకోమన్న రోజు వంటింట్లో శ్యామల అన్న మాటనే.